ఉల్లిపాయల మీద కొలిచిన టోపీలు

మా అత్తయ్య షోకేసులోని బొమ్మలకి నాకన్నా మంచి బట్టలుండేవి. ఇది ఏడుపు కొద్దీ అంటున్న మాట కాదు, ఉన్న మాటే. ఇంటర్ చదవడానికి గుంటూరులో ఆ ఇంటికి వెళ్ళినప్పుడు నా రేకుపెట్టెలో ఉన్నవల్లా వాయిల్ ఓణీలు, మా పిన్ని కూతురు కట్టి వదిలేసిన లంగాలు. అద్దాల వెనక కూర్చున్న ఆ బొమ్మలకేమో శాటిన్ గౌన్లు, తెల్ల మేజోళ్ళు, వేలి గోరంత చెప్పులు. పడుకోబెడితే కళ్ళు మూసుకునేవి కొన్ని, పొట్ట నొక్కితే కుయ్యిమనేవి కొన్ని. వాటిని ముట్టుకునే హక్కు ఆ ఇంట్లో అత్తయ్య ఒక్కదానికే ఉండేది. షోకేసు తాళంచెవి ఆవిడ మెడలో, మంగళసూత్రాల పక్కన పిన్నీసుకి వేలాడేది.

అత్తయ్య అంటే మా నాన్నకి అక్క. మామయ్య పొగాకు కంపెనీలో ఆఫీసరు. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు వాళ్ళకి పిల్లలు లేరు. మొక్కని దేవుడు లేడు, చూపించుకోని డాక్టరు లేడు. ఆ ఏళ్ళలో మామయ్య క్యాంపుకెళ్ళిన ప్రతి ఊరి నుంచీ ఒక బొమ్మ వచ్చేది. ఇక ఆశ వదిలేసుకున్నాక పాప పుట్టింది. నేను వెళ్ళేనాటికి పాప మాటలన్నీ నేర్చి ఇల్లంతా పరిగెడుతోంది. కూతురు పుట్టాక ఆ బొమ్మల్ని కూతురికి ఇచ్చేస్తుందని ఎవరైనా అనుకుంటారు. అత్తయ్య ఇవ్వలేదు. పాపకి విడిగా రబ్బరు బొమ్మలు కొన్నది. ఆ అద్దాల వెనక ఉన్నవాటి మీద ఆవిడకున్నది ప్రేమో, పగో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు పూర్తిగా తెలుసని కూడా చెప్పను.

నేను ఆ ఇంట్లో ఉండటానికి కారణం ఒకటే. మాది ప్రత్తిపాడు దాటాక బస్సు దిగి నడిచే ఊరు. పదో తరగతి అవగానే మా నాన్న "ఇక చాల్లే, చేలోకి రా" అన్నాడు. హాస్టలు మాట ఎత్తితే ఇంతెత్తున లేచాడు. అమ్మ అన్నం మానేసి కూర్చుంటే చివరికి దిగొచ్చి, "మా అక్క ఇంట్లో ఉంచుకుంటానంటే చదవమను, లేకపోతే లేదు" అని తేల్చేశాడు. అంటే అత్తయ్య ఉంచుకున్నన్నాళ్ళే నా చదువు. ఆవిడ పొమ్మన్న రోజున నా కాలేజీ మిరప చేనే. ఈ సంగతి నాకు తెలుసు, అమ్మకి తెలుసు. అందరికన్నా బాగా అత్తయ్యకి తెలుసు.

తెలుసు గనకే మాటతో పొడిచేది. కొట్టడం, తిట్టడం ఆవిడ పద్ధతి కాదు. ఎవరైనా ఇంటికొస్తే నన్ను పిలిచి నిలబెట్టి, "మా తమ్ముడి కూతురండీ. ఫ్యాను స్విచ్చి ఎక్కడుంటుందో కూడా నేనే నేర్పాను" అని నవ్వేది. మా ఊళ్ళో కరెంటు వచ్చి చాలా ఏళ్ళయింది. ఫ్యాను కొనే స్తోమతే లేదు. అది వేరే సంగతి కదా. కానీ నేను నోరు విప్పేదాన్ని కాదు. నాలుక మీదికి వచ్చిన మాటని మింగడం ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. నా లాంటి కోపిష్టిదానికి అది ఇంటర్ లెక్కలకన్నా కష్టమైన చదువు.

పాప మాత్రం నన్ను వదిలేది కాదు. కాలేజీ నుంచి రాగానే నా చంకెక్కేది. దానికి అన్నం నేనే పెట్టాలి, జోల నేనే పాడాలి. అది కూడా నా ఉద్యోగంలో భాగమేనని అత్తయ్య అనుకునేది. నేను అట్లా అనుకోలేదు.

చలికాలంలో పక్కింట్లోకి బ్యాంకు మేనేజరుగారి కుటుంబం దిగింది. ఆ ఇంట్లో టీవీ ఉంది, టీవీ మీద లేసు గుడ్డ, ఆ గుడ్డ మీద ఒక బొమ్మ, బొమ్మ నెత్తిన తెల్ల దారంతో అల్లిన వెడల్పంచు టోపీ. మేనేజరుగారి భార్య స్వయంగా అల్లిందట. అత్తయ్య చూసొచ్చింది. వచ్చి షోకేసు ముందు నిలబడి తన బొమ్మల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పటిదాకా మహారాణుల్లా ఉన్నవి ఆ పూట నుంచి ఆవిడ కంటికి బోడితలల్లా కనపడటం మొదలైంది.

"మీ అమ్మకి లేసు పని వచ్చు గదే" అన్నది నాతో.

వచ్చు. మా అమ్మ చిన్నప్పుడు బళ్ళో ఒక టీచరమ్మ ఆడపిల్లలకి లేసు అల్లడం నేర్పిందట. కొసన చిన్న కొక్కెం ఉన్న ఇనప సూది ఒకటి అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకుంది. పెళ్ళయ్యాక దానితో లేసు అల్లిన పాపాన పోలేదు. లేసుతో అల్లేది టేబుల్ గుడ్డలే అయితే, మా ఇంట్లో అసలు టేబులుంటే కదా. ఆ సూది మా ఇంట్లో లంగా బొందులు దూర్చడానికి పనికొచ్చేది.

అత్తయ్య నా చేత ఒక్కో బొమ్మ తల చుట్టూ దారం చుట్టించి కొలతకి ముడేయించింది. తను తల పట్టుకుంటే నేను చుట్టాలి. బొమ్మ జుట్టు నా వేలికి తగిలితే "చూసుకో" అనేది. ఆ ముళ్ళ దారాలు పట్టుకొని సెలవుకి ఊరెళ్ళాను.

అమ్మకి సంతోషం పట్టలేదు. ఆడబిడ్డ తనని ఒక పని అడగడం అదే మొదటిసారి. "టోపీలే గదా, ఎన్ని కావాలంటే అన్ని అల్లిపెడతా" అన్నది. కానీ దారపు కొలత ఎంతున్నా, తల లేకుండా టోపీ గుండ్రం కుదరదు. నడినెత్తిన చిన్న సున్నా చుట్టి, దాని చుట్టూ వరసలు పెంచుకుంటూ వచ్చి, తల గుండ్రానికి తగ్గట్టు దించాలి. మా ఇంట్లో బొమ్మ అనేది ఎప్పుడూ లేదు. అమ్మ వంటింట్లో వెతికింది. ఒక కొలతకి ఉల్లిపాయ సరిపోయింది, ఒకదానికి నిమ్మకాయ, పెద్ద బొమ్మకి బత్తాయి. ఎక్కువ బొమ్మల తలలు మాత్రం సరిగ్గా ఉల్లిపాయంతే ఉన్నాయి. అల్లిన టోపీకి గంజి పెట్టి, ఉల్లిపాయకి తొడిగి, అంచుని వేళ్ళతో పువ్వులా విప్పి కిటికీలో ఆరబెట్టేది. నాన్న చూసి, "ఉల్లిపాయలకి పెళ్ళి చేస్తంది గావాల మీ అమ్మ" అన్నాడు. అమ్మ నవ్వింది. అమ్మ నవ్వడం అంత ఎక్కువగా చూసినదాన్ని కాదు కాబట్టి నాకు గుర్తుండిపోయింది.

అది కల్లాల కాలం. కోసిన మిరపకాయల్ని కల్లంలో పరిచి ఎండబెట్టి, ఆడవాళ్ళు వరసగా కూర్చొని రంగు పోయిన తాలుకాయలు ఏరేస్తారు, ముచ్చికలు తీస్తారు. అమ్మ పొద్దున్నుంచీ అక్కడే. మధ్యాహ్నం మిగతావాళ్ళు కాసేపు నడుం వాలిస్తే, అమ్మ సబ్బుతో చేతులు కడుక్కొని, కొంగుకి తుడుచుకొని, దారపు ఉండ తీసి కూర్చునేది.

మిరప ఘాటు నీళ్ళకి పోదని మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. అమ్మకి తెలియక కాదు. కొత్తగా కల్లంలోకి వచ్చినవాళ్ళకి చేతులు భగభగమంటాయి, వాళ్ళు నూనె రాసుకొని, మజ్జిగలో ముంచుకొని ఏడుస్తారు. కొన్నేళ్ళు చేశాక ఆ మంట ఆగిపోతుంది. చెయ్యి మండితే మిరప ఉన్నట్టు, మండకపోతే పోయినట్టు. అది మా వాళ్ళ కొలత. అమ్మ చేతులు మండటం మానేసి ఎన్నేళ్ళయిందో ఆ కొలతకి తెలియదు. చేతులు చల్లగా ఉన్నాయి గనక శుభ్రంగా ఉన్నాయనుకుంది. ఊరి ఆడవాళ్ళు ఎవరున్నా అట్లాగే అనుకునేవాళ్ళు.

సెలవులయ్యాక నేను టోపీలు తెచ్చి ఇస్తే అత్తయ్య ఒక్కోదాన్నీ వెలుతురులో పెట్టి చూసింది. బాగుందని అనలేదు. ఒకదాని అంచు వంకర అన్నది, ఒకదానికి గంజి ఎక్కువైందన్నది. అన్నీ తొడిగాక షోకేసు ముందు కుర్చీ వేసుకొని చాలాసేపు కూర్చుంది.

ఆ వారమే పేరంటం పెట్టింది. వచ్చినవాళ్ళు షోకేసు చుట్టూ మూగారు. "ఎవరల్లారండీ?" అని మేనేజరుగారి భార్య అడిగింది.

"ఇంకెవరు, నేనే. పాప పడుకున్నాక కూర్చుంటే తోచదు గదండీ" అన్నది అత్తయ్య.

నేను కాఫీ పళ్ళెంతో అక్కడే ఉన్నాను. అత్తయ్య నా వైపు చూడను కూడా చూడలేదు, నేను మాట్లాడనని ఆవిడకి అంత ధీమా. పైగా అందులో ఒక టోపీ తీసి మేనేజరుగారి భార్య చేతిలో పెట్టి, "మీ బొమ్మకి ఇంకోటి ఉంటుంది, తీసుకోండి" అన్నది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఆ కాఫీ అంతా ఆవిడ నెత్తిన పొయ్యాలనిపించింది. గ్లాసులు అందరికీ అందించి లోపలికొచ్చి గిన్నెలు తోముకున్నాను.

షోకేసు తలుపు తీసి అందరికీ చూపించేటప్పుడే పాప చెయ్యి లోపలికి దూరింది. ఎవరూ చూడలేదు. అది ఒక టోపీ లాక్కొని సోఫా వెనక్కి పోయి అంచు నమలడం మొదలుపెట్టింది. అది ఏది దొరికినా నమిలేది. ఎంగిలి చేత్తోనే కళ్ళు నులుముకుంది.

ఆ కేకకి నేను వంటింట్లోంచి పరిగెత్తాను. పాప మొహం కందిపోయింది, కళ్ళు తెరవడం లేదు, పెదాలు వాచాయి. ఆడవాళ్ళందరూ తలా ఒక మాట అంటున్నారు, చీమ అని ఒకరు, తేలు అని ఒకరు. అత్తయ్య చెంబుతో నీళ్ళు గుమ్మరిస్తోంది. నీళ్ళు పోసేకొద్దీ అది ఇంకా గుక్కపట్టి ఏడుస్తోంది. నాకు చూడగానే అర్థమైంది. కల్లాల్లో పసిపిల్లలు ఇట్లా ఏడవడం నాకు కొత్త కాదు. పాపని లాక్కొని ఒళ్ళో పడుకోబెట్టి, నోట్లో పెరుగు పెట్టాను, కళ్ళ చుట్టూ వెన్న రాశాను, గుడ్డ పెరుగులో తడిపి రెప్పల మీద వేశాను. కాసేపటికి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది.

అప్పుడు అత్తయ్య కింద పడిన టోపీ తీసి వాసన చూసింది. నాలుక కొసకి తాకించుకుంది. మొహం మారిపోయింది.

"ఇవి మా మరదలు పంపిందండీ, ఊరి నుంచి" అన్నది.

"మీరే అల్లానన్నారుగా" అన్నది మేనేజరుగారి భార్య. ఆవిడ మామూలుగానే అడిగింది. కానీ ఆ ఒక్క మాటతో నా మెడకి ఉచ్చు బిగిసింది. ఇంతమందిలో పోయిన పరువుకి ఎవరో ఒకరు బదులు చెప్పాలి.

అత్తయ్య నా ముందుకొచ్చి నిలబడింది. ఊళ్ళో వదిలేసి వచ్చిన భాష ఆవిడకి కోపం వస్తే తిరిగొచ్చేది. "చూడంగానే కారమని నీకెట్టా తెలిసిందే? పెరుగు పెట్టాలని, వెన్న రాయాలని అంత తొందరగా ఎట్టా తోచింది? విరుగుడు తెలిసినదానివి విషం సంగతి తెలవదా?"

 పాపకి నేను చేసిన మేలే నా మీద నేరమైంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. "అమ్మ కావాలని చెయ్యలేదత్తయ్యా" అన్నాను.

"పెళ్ళయిన ఇన్నాళ్ళకి నాకు బిడ్డ పుట్టిందని మీ అమ్మ కళ్ళలో నిప్పులు పోసుకుంది. కావాలనే పంపింది" అన్నది.

అందరి ముందూ టోపీలన్నీ బొమ్మల నెత్తి మీద నుంచి పీకి వీధి కాలవలో పడేసింది. మేనేజరుగారి భార్య తనకిచ్చినదాన్ని కూడా రెండు వేళ్ళతో పట్టుకొచ్చి అందులోనే వేసి, చేతులు కడుక్కోవడానికి సబ్బు అడిగింది.

పాపకి పొద్దు వాలేసరికి తగ్గిపోయింది. డాక్టరు చూసి, కంటికేం ఫరవాలేదన్నాడు. తగ్గనిది నాకే. పాపని ఎత్తుకోవద్దన్నారు. నా చేతి మంచినీళ్ళు తాగడం మానేశారు. నా కంచం, గ్లాసు పెరట్లోకి మారాయి. పాప నా దగ్గరికి రాబోతే "మిరపకాయ, కుడుతుంది" అని భయపెట్టేది అత్తయ్య. మొదట్లో పాప నమ్మలేదు. రోజూ చెబితే ఏ పిల్ల నమ్మదు? ఒకనాడు నేను చెయ్యి చాపితే "మిరపకాయ" అని తల్లి కొంగులో దూరింది. అత్తయ్య నవ్వింది. ఆవిణ్ణి నేను అసహ్యించుకున్నంతగా జీవితంలో మరెవరినీ అసహ్యించుకోలేదు. ఆవిడ పోయింది కదా, ఇప్పుడైనా మంచి మాట అనమంటారు మా వాళ్ళు. నాకు రాదు.

చివరికి అత్తయ్య అసలు మాట చెప్పింది. "పరీక్షలు రాసుకొని పెట్టె సర్దుకో. రెండో సంవత్సరం సంగతి మీ నాన్న చూసుకుంటాడు."

మా నాన్న మిర్చి యార్డుకి కాయలు తోలుకొచ్చినప్పుడు మామయ్య వెళ్ళి ఆ ముక్క చెప్పాడు. నాన్న నన్ను చూడ్డానికి కూడా రాకుండా ఊరికి మళ్ళాడు. ఇంటికెళ్ళి అమ్మతో ఏమన్నాడో తర్వాత నాకు మా పిన్ని చెప్పింది. "నీ కూతురు చదువు నీ చేతులతోనే చెడగొట్టుకున్నావు. మా అక్క కాళ్ళే పట్టుకుంటావో, ఏం పట్టుకుంటావో నీ ఇష్టం" అన్నాడట.  మర్నాడు అమ్మ మళ్ళీ దారపు ఉండ తీసిందట.

ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ వచ్చింది. ముందు గదిలో అత్తయ్య, మేనేజరుగారి భార్య సోఫాలో కూర్చొని ఉన్నారు. పాప కింద రబ్బరు బొమ్మతో ఆడుతోంది. అమ్మ చెప్పులు వీధిలోనే వదిలి, గుమ్మం లోపల గోడవారగా నిలబడింది. రమ్మని ఎవరూ అనలేదు. నేను పెరట్లోంచి వచ్చేసరికి అమ్మ కొంగు చాటు నుంచి స్టీలు డబ్బా తీస్తోంది. అందులో ఉతికిన తెల్లగుడ్డ, గుడ్డలో ఒక్కటే టోపీ. మునుపు పంపిన వాటికన్నా బాగుంది. అంచు నిండా చిన్న చిన్న పువ్వులు అల్లింది.

"పాప బొమ్మకని తెచ్చానండి వదినా" అన్నది. "ఈసారి పుల్లమజ్జిగలో చేతులు నానబెట్టుకొని, చింతపండేసి తోముకొని మరీ అల్లానండి. నా కళ్ళకద్దుకొని చూశాను. ఏం లేదు."

అత్తయ్య డబ్బా వైపు చూసింది గాని చెయ్యి చాపలేదు. "నీ కళ్ళకేం తెలుస్తది? కల్లంలో కూర్చొని కూర్చొని నీ తోలు మొద్దుబారింది" అన్నది. ఆవిడ ఆ మాట పొడవడానికే అన్నది గాని, అది నిజం. ఆ ఊళ్ళో పుట్టింది కాబట్టి ఆవిడకి ఆ సంగతి తెలుసు. తెలిసీ, ఆ రోజు కావాలనే చేశావని అమ్మ మీద నింద వేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమే, ఇట్టా రా" అని నన్ను పిలిచింది. "ఏడాదిగా మా ఇంటి తిండి తింటున్నావు గదా, నీ నోరు కాస్త తేరుకుని ఉంటది. అది నోట్లో పెట్టుకొని నములు. మండితే మీ అమ్మ ఆ డబ్బా తీసుకొని, నిన్ను తీసుకొని ఇప్పుడే పోతది. మండకపోతే ఆలోచిస్తా."

"ఎందుకులెండి అక్కయ్యగారూ" అన్నది మేనేజరుగారి భార్య. అన్నదే గాని, సోఫాలో ముందుకి జరిగి కూర్చుంది.

అమ్మ టోపీని నాకు అందించింది. నా కళ్ళలోకి ధైర్యంగా చూసింది. ఆ చేతుల్ని ఎంత తోముకుందో, వేళ్ళ కొసలు పొట్టు లేచి తెల్లగా ఉన్నాయి. టోపీ అంచు నోట్లో పెట్టుకున్నాను.

ముందు గంజి రుచి తగిలింది, చప్పగా. ఫరవాలేదనుకున్నాను. దారంలో ఇంకిన కారం నెమ్మదిగా వస్తుంది. ముందు పెదాల లోపల చురుక్కుమంది, తర్వాత నాలుక పక్కలు, తర్వాత గొంతు దాకా పాకింది. మునుపటంత లేదు, కానీ ఉంది. ఉమ్మి మింగలేను, ఊయలేను. అత్తయ్య నా మొహం మీద నుంచి చూపు తిప్పడం లేదు. రెప్ప వేస్తే నీళ్ళు జారతాయని రెప్ప వెయ్యలేదు.

"చప్పగా ఉందత్తయ్యా" అన్నాను. "గంజి రుచి."

అత్తయ్య ఇంకాసేపు చూసింది. నేను ఇంకాసేపు నమిలాను. మేనేజరుగారి భార్య "బానే ఉన్నట్టుంది, పాపం" అన్నది. అమ్మ గోడకి ఆనుకుంది.

అప్పుడు పాప లేచొచ్చి నా లంగా పట్టుకుంది. మిరపకాయ భయం మర్చిపోయినట్టుంది. "టోపీ నాకు, నాకు" అని చేతులు చాపింది. పొరుగావిడ ఎదురుగా ఉంది గదా, అత్తయ్యకి పెద్దరికం గుర్తొచ్చింది. "ఇవ్వవే, బొమ్మకి పెట్టుకుంటది. ఇందాక చూశాం గదా" అన్నది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇస్తే అది నేరుగా నోట్లోకే పోతుంది. పాపకి మళ్ళీ కళ్ళు వాస్తాయి. ఈసారి అమ్మని ఊరికే వదలరు. ఇవ్వనంటే ఎందుకని అడుగుతారు. మండుతోందని ఒప్పుకుంటే అమ్మ ఇక్కడికిక్కడే దొంగవుతుంది, నేను సాయంత్రం బస్సుకి కల్లంలోకి. టోపీ ఇంకా నా పళ్ళ మధ్యనే ఉంది. లేసు అల్లికలో ఒక సంగతుంది. ఎన్ని వరసలల్లినా దారం ఒకటే. చివర వేసిన ముడి ఒక్కటి తెగితే, కొస పట్టుకొని లాగితే మొత్తం జారిపోతుంది. నాలుకతో వెతికి ఆ ముడి పట్టుకొని కొరికాను. కొస వేలికి చుట్టుకొని లాగాను. అంచు పువ్వులు ఒక్కొక్కటే పోయాయి, తర్వాత వరసలు, తర్వాత నడినెత్తి సున్నా. గంజి పెట్టిన దారం మెలికలు మెలికలుగా నేల మీద పడింది.

"ఇదేం టోపీ అత్తయ్యా" అన్నాను. "ఇది పెడితే బొమ్మ కల్లంలో కూలిమనిషిలా ఉంటది. మన బొమ్మలకి ఇట్లాంటివి బాగోవు."

మన బొమ్మలు అన్నాను. నేను ఏ మాటైతే చెల్లుతుందనుకున్నానో ఆ మాటే అన్నాను. అది అమ్మ ఎదురుగా అనాల్సి వచ్చింది. అందుకు ఎవరి క్షమాపణా నేను అడగను. కానీ ఆ క్షణంలో అమ్మ వైపు చూడటం నా వల్ల కాలేదు.

 పాప దారం చూసి బిక్కమొహం వేసింది. అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి, నవ్వడం మొదలుపెట్టింది. కడుపు పట్టుకొని నవ్వింది. "చూశారా అండీ" అన్నది పొరుగావిడతో, "పెంచితే ఇట్టా పెంచాలి. ఒక్క ఏడాదిలో కన్నతల్లి పనికే వంక పెట్టిందంటే, ఇక ఇది మా ఇంటి పిల్లే." నా వైపు తిరిగి, "పెట్టె సర్దబోకులే. రెండో సంవత్సరం కూడా ఇక్కడే చదువుకో" అన్నది.

నేను దేని కోసం ఏడాదంతా మాటలు మింగానో అది అట్లా వచ్చింది. అమ్మ కిందకి వంగి, నేల మీద ఉన్న దారాన్ని ఏరి, మెలికలు సాగదీసుకుంటూ వేళ్ళకి చుట్టుకుంది. "దారం వేస్టవుద్ది" అన్నది, ఎవరితోనో తెలియదు. చుట్టిన ఉండని స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టింది. "వెళ్ళొస్తానండి వదినా. పిల్లని చూసుకోండి" అన్నది. అత్తయ్య మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఇమ్మని నాకు చెప్పనూ లేదు.

బస్టాండు దాకా అమ్మతో వెళ్ళాను. వెళ్ళమని అత్తయ్యే అన్నది, అంత ఉదారంగా ఉంది ఆ పూట. దారంతా అమ్మ నాకన్నా రెండడుగులు ముందే నడిచింది.  నాకు నోరు తెరిస్తే గాలికి ఇంకా మండుతోంది. నా మాటలకి అమ్మకి మనసు విరిగిందనుకున్నాను. నిజం చెప్పేద్దామా అనుకున్నాను. చెబితే, అంత తోముకున్నా ఆ చేతులు శుభ్రం కాలేదని చెప్పాలి. ఇంతకన్నా ఆ మాటే పెద్ద దెబ్బ అనిపించింది. మామిడిపళ్ళ బళ్ళు, రిక్షాలు దాటుకుంటూ నడుస్తూ పోయాం.

ప్రత్తిపాడు వైపు వెళ్ళే బస్సులో అమ్మకి కిటికీ పక్క సీటు దొరికింది. నేను కింద నిలబడ్డాను. అమ్మ డబ్బాని ఒళ్ళో పెట్టుకొని నన్ను చూసింది.

"బాగా మండిందా?" అన్నది.

"లేదమ్మా. చప్పగానే ఉంది."

"చెవులు ఇప్పటికీ ఎర్రగా ఉన్నాయి. కారం తింటే నీకు ముందు చెవులే ఎర్రబడతయ్యి, పాలు మానిపించిన కాడి నుంచీ చూస్తన్నా. అక్కడ నువ్వు చప్పగా ఉందన్నప్పుడే చూశాను."

నా కళ్ళలో అంతసేపూ ఆపుకున్నవి అప్పుడు జారాయి. అమ్మ గబుక్కున కిటికీలోంచి చెయ్యి చాపింది, తుడవడానికి. నా మొహం దాకా వచ్చి ఆ చెయ్యి ఆగింది. అమ్మ తన వేళ్ళ వంక చూసుకొని చెయ్యి లోపలికి తీసుకుంది.

"నువ్వే తుడుచుకో. ఓణీతో తుడుచుకో" అన్నది.

కండక్టరు గంట కొట్టాడు. అమ్మ కిటికీ ఊచకి మొహం ఆనించింది. "ఇంటికి పోయి నోట్లో కాస్త పంచదార వేసుకో, తగ్గుద్ది" అన్నది. బస్సు కదిలింది. అమ్మకి ఏదో తోచినట్టుంది, తల బయటపెట్టి గట్టిగా, "వద్దులే, పంచదార అడగమాక. ఎందుకని అడుగుద్ది" అన్నది.

నేను అడగలేదు. ఇంకో ఏడాది ఆ ఇంట్లో ఉండి ఇంటర్ పూర్తిచేశాను. అమ్మ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.